అద్దె ఓడలో ఆయువు వెదకిన కథకుడు

రోగికి గాలిమార్పు అవసరమని వైద్యులు చెప్పడం ఏ కాలంలోనైనా ఉన్నదే. కలిగినవారు కొండలకో, సముద్రతీరానికో వెళ్తారు. లేనివారు మేనమామ ఇంటికి వెళ్లి నాలుగు వారాలు ఉండి వస్తారు. అయితే తండ్రి విడిచిపోయిన సొమ్ములో పెద్ద భాగాన్ని వెచ్చించి, ఏకంగా ఒక తెరచాప ఓడనే అద్దెకు తీసుకొని, వృద్ధురాలైన తల్లినీ భార్యనూ వెంటబెట్టుకొని, వేల మైళ్ల దూరంలోని ఉష్ణమండల దీవులకు గాలిమార్పు కోసం బయలుదేరిన రోగి ఒకరున్నారు. ఆయనే 'ట్రెజర్ ఐలండ్' నవలా రచయిత రాబర్ట్ లూయిస్ స్టీవెన్‌సన్. నిధి దీవి కథను ఊహించి వ్రాసిన ఏడేళ్లకు ఆయన నిజమైన దీవులను చూశారు. అక్కడ ఆయనకు దొరికిన నిధి వేరు.

స్టీవెన్‌సన్ 1850 నవంబరు 13న స్కాట్లండ్ రాజధాని ఎడింబరోలో జన్మించారు. వారిది దీపస్తంభాల ఇంజనీర్ల వంశం. తాతగారైన రాబర్ట్ స్టీవెన్‌సన్, సముద్రం మధ్యనున్న బెల్ రాక్ అనే బండమీద దీపస్తంభం నిర్మించి పేరు పొందారు. తండ్రి థామస్ కూడా అదే వృత్తిలో ప్రసిద్ధులు. ఓడలకు దారి చూపే ఇంట పుట్టిన ఈ ఏకైక కుమారునికి చిన్ననాటి నుండి ఊపిరితిత్తుల బలహీనత. రాత్రులు దగ్గుతో నిద్ర పట్టని ఆ బాలుని ప్రక్కన దాది ఆలిసన్ కన్నింగ్‌హామ్ మేలుకొని కూర్చుండి, బైబిలు కథలూ స్కాట్లండు పాత గాథలూ వినిపించేవారు. రోగం ఆయనను మంచాన పడవేసింది. ఆ మంచమే ఆయనకు మొదటి బడి అయింది.

వంశవృత్తి నేర్చుకోవాలని తండ్రి ఆయనను ఇంజనీరింగు విద్యలో చేర్పించారు. 1871లో కుమారుడు ఆ చదువు తనకు పొసగదని, రచనే తన మార్గమని తెలియజేశారు. తండ్రి బాధపడినా, కనీసం న్యాయశాస్త్రమైనా చదవమన్నారు. ఆయన చదివి 1875లో న్యాయవాది పట్టా పొందారు. కాని ఆ వృత్తిలో స్థిరపడలేదు. 1876లో మిత్రునితో కలిసి చిన్న పడవలలో బెల్జియం, ఫ్రాన్సు కాలువల మీదుగా ప్రయాణించి, ఆ అనుభవంతో తొలి పుస్తకం వ్రాశారు. ఆ ఏడాదే ఫ్రాన్సులో ఫానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ మహిళను కలుసుకొన్నారు. ఆమె వయస్సులో ఆయన కంటే పదేళ్లు పెద్దది. వివాహిత, పిల్లల తల్లి. ఆమె కోసం 1879లో ఆయన అట్లాంటిక్ దాటి, కాలిఫోర్నియాలో చావు అంచులదాకా వెళ్లి బ్రతికారు. ఆమె విడాకులు పొందిన పిమ్మట 1880 మే 19న శాన్‌ఫ్రాన్సిస్కోలో వారి వివాహం జరిగింది.

1881 వర్షాకాలంలో స్కాట్లండులోని బ్రేమార్ గ్రామంలో, ఇంటి నుండి బయటకు రాలేని రోజులలో, సవతి కుమారుడైన లాయిడ్‌తో కలిసి ఆయన ఒక దీవి పటం గీశారు. ఆ పటం నుండే 'ట్రెజర్ ఐలండ్' కథ పుట్టింది. 1883లో పుస్తకంగా వెలువడి ఆయనకు కీర్తి తెచ్చింది. 1886లో 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్', 'కిడ్నాప్డ్' వచ్చాయి. కీర్తి పెరిగింది గాని ఊపిరి పెరగలేదు. నోటి వెంట రక్తం పడేది. క్షయ అని కొందరు వైద్యులు భావించారు. మాట్లాడరాదనే ఆంక్షల మధ్య, పడకమీద దిండ్లకు ఆనుకొని, ఆయన వ్రాస్తూనే వచ్చారు.

తండ్రి సొమ్ము, తనయుని పందెం

1887 మేలో తండ్రి మరణించారు. స్కాట్లండు చలి తనను బ్రతకనీయదని గ్రహించి, ఆ ఆగస్టులో కుటుంబంతో అమెరికాకు బయలుదేరారు. శీతకాలం న్యూయార్కు రాష్ట్రంలోని సారనాక్ సరస్సు వద్ద క్షయ చికిత్సకు పేరొందిన చోట గడిపారు. అక్కడ చలి ఎముకలు కొరికేది. ఆ సమయంలో మెక్‌క్లూర్ అనే పత్రికా వ్యాపారి, దక్షిణ సముద్ర దీవులను చూచి లేఖలు వ్రాస్తే పది వేల డాలర్లు ఇస్తామని ముందుకు వచ్చారు. 1888 వసంతంలో కాలిఫోర్నియా వెళ్లిన ఫానీ, అక్కడ ఒక ఓడ అద్దెకు దొరుకుతుందని తంతి పంపారు. ఆయన వెంటనే సమ్మతించారు.

ఆ ఓడ పేరు కాస్కో. రెండు స్తంభాల స్కూనర్ జాతి నౌక. పొడవు సుమారు 95 అడుగులు. తెల్లని తెరచాపలు, మెరిసే ఇత్తడి సామగ్రి, ఎర్రని మఖమల్ మెత్తలు పరచిన గది. ఓక్లండ్ నగరానికి పూర్వం మేయరుగా పనిచేసిన సంపన్న వైద్యుడు శామ్యూల్ మెరిట్ దాని యజమాని. రచయితలంటే తిక్కవారని ఆయన విని ఉన్నారు. అందుకని స్టీవెన్‌సన్‌ను స్వయంగా చూచి మాట్లాడిన తరువాతనే ఓడను ఇచ్చారు. ఓడ నడిపే బాధ్యత కెప్టెన్ ఓటిస్ వహించారు.

ఈ యాత్రకు స్టీవెన్‌సన్ కేటాయించుకొన్న మొత్తం రెండు వేల పౌనులు. అది విలాసానికి పెట్టిన ఖర్చు కాదు, పందెం. ఆరోగ్యం కుదుటపడకపోతే ఈ పని పిచ్చిపనే అవుతుందని ఆయన తన మిత్రునికి జాబులో ముందే ఒప్పుకొన్నారు. ఆయన వాలకం చూచిన కెప్టెన్ ఓటిస్‌కు ఆ ఆశ కూడా కలుగలేదు. సముద్రంలో శవసంస్కారం జరపడానికి కావలసిన సామగ్రిని ఎవరికీ చెప్పకుండా ఓడలో సిద్ధం చేసికొన్నారు. 1888 జూన్ 28న కాస్కో శాన్‌ఫ్రాన్సిస్కో రేవు విడిచింది. స్టీవెన్‌సన్, ఫానీ, లాయిడ్, దాదాపు అరవై ఏళ్ల తల్లి మార్గరెట్, వాలెంటీన్ అనే పనిమనిషి అందులో ఉన్నారు. మార్గరెట్ తెల్లని వితంతు టోపీ పెట్టుకొని, ఓడ ఊగుతున్నా నిబ్బరంగా అల్లికపని చేసికొంటూ కూర్చునేవారు.

ఎవరి ఊపిరి నిలిచింది?

నెలరోజుల ప్రయాణం తరువాత కాస్కో మార్కెసాస్ దీవులలోని నూకు హివా చేరి, అనహో అఖాతంలో లంగరు వేసింది. దగ్గుతో మంచం దిగలేని మనిషి ఇసుకలో చెప్పులు లేకుండా నడిచారు, గవ్వలు ఏరుకొన్నారు. దీవివారు ఓడెక్కి వచ్చి మఖమల్ మెత్తలను తడిమి చూచి ఆశ్చర్యపడ్డారు. వారితో మాట కలపడానికి స్టీవెన్‌సన్ ఒక మంచి ఉపాయం కనుగొన్నారు. వారి ఆచారం ఒకటి తెలుసుకోవాలంటే ముందుగా తమ స్కాట్లండు కొండజాతుల ఆచారం ఒకటి చెప్పేవారు. ఒకప్పుడు ఆ కొండజాతులకూ సొంత నాయకులుండేవారు, సొంత వేషముండేది. ఇంగ్లండు ప్రభుత్వం ఆ నాయకుల అధికారాన్నీ ఆ వేషాన్నీ చట్టంతో అణచివేసింది. ఆ సంగతి విన్న దీవివారు తమ కష్టం కూడా విప్పి చెప్పేవారు.

ఆ కష్టమేమిటో తెలిసినప్పుడు ఆయన మనస్సు కలత చెందింది. ఓడలతో పాటు వచ్చిన జబ్బులు మార్కెసాస్ ప్రజలను తుడిచిపెడుతున్నాయి. హపా అనే తెగలో సుమారు నాలుగు వందల మంది ఉండగా మశూచి నాలుగవ వంతు మందిని బలిగొన్నదని, అటుపై ఒక స్త్రీకి సోకిన క్షయ దావానలంలా వ్యాపించి ఏడాది తిరగకుండానే ఇద్దరిని మాత్రం మిగిల్చిందని ఆయన విని వ్రాసికొన్నారు. తాను ఏ జబ్బుకు భయపడి ఈ గాలి వెదుక్కుంటూ వచ్చారో, ఆ జబ్బే ఈ గాలి పీల్చేవారి ఊపిరి తీస్తోంది. పత్రికవారు కోరినది సరదా యాత్రా లేఖలు. ఆయన కలం మాత్రం ఆనాటి నుండి దీవివారి స్థితిగతుల వైపు తిరిగింది.

మార్కెసాస్ తరువాత పగడపు దీవి ఫకరవా, అక్కడి నుండి తహితీ. ఫకరవాలో పట్టిన జలుబు ముదిరి, తహితీ ముఖ్యపట్టణం పపీటీలో మళ్లీ రక్తం పడింది. మంచి గాలి కోసం ఫానీ ఆయనను తౌతిరా అనే మారుమూల పల్లెకు చేర్చారు. అక్కడ మోయె అనే రాజకుటుంబపు స్త్రీ వారిని ఆదరించింది. పచ్చిచేపను కొబ్బరిపాలు, నిమ్మరసం, మిరపతో కలిపి స్వయంగా తినిపించింది. ఆ పల్లె పెద్ద ఓరి తన ఇంటిని వారికిచ్చి, స్టీవెన్‌సన్‌తో అన్నదమ్ముల వరుస కలిపారు. దీవి ఆచారం ప్రకారం ఇద్దరూ పేర్లు మార్చుకొన్నారు. స్టీవెన్‌సన్ తెరీతెరా అయ్యారు; లూయిస్ అనే పేరు పలుకలేక ఓరి, రుయి అయ్యారు.

ప్రయాణానికి సిద్ధమవుతున్న రోజులలో స్టీవెన్‌సన్ తల్లి ఆ ఊరి ముసలమ్మలకు ఓడమీద విందు చేశారు. వారిలో ఒకామె ఓడలో లోపమేదైనా ఉంటే అది ఇక్కడే బయటపడాలని ప్రార్థించింది. ఆ పిదప కెప్టెన్ పరిశీలించగా తెరచాప స్తంభం పైభాగం లోలోపల పుచ్చిపోయి ఉన్నట్లు తేలింది. నడిసముద్రంలో తుపాను వచ్చి ఉంటే అందరూ నీటిపాలయ్యేవారే. మఖమల్ మెత్తల ఓడకు లోపల పుచ్చు. రోగి శరీరానికి లోపల పుచ్చు. ఓడ మరమ్మతు కోసం పపీటీ వెళ్లి వారాలు గడిచినా తిరిగి రాలేదు. చేతిలో డబ్బు అయిపోయింది, తిండి సరుకులు అయిపోయాయి. ఫానీ కన్నీరు పెట్టుకొన్నారు. అప్పుడు ఓరి, ఉన్నదేదో కలిసి తిందామని, సోదరుల మధ్య లెక్కలు ఉండవని ధైర్యం చెప్పారు. తరువాత తన మనుషులతో పడవలో పపీటీ వెళ్లి కబురూ సరుకులూ తెచ్చారు. ప్రతి నెలా లెక్క కట్టి అద్దె చెల్లించిన ఓడ మధ్యలో ఆగిపోగా, పైసా అడగని పల్లె ఆ కుటుంబాన్ని రెండు నెలలు పోషించింది.

తిరుగు ప్రయాణం లేని యాత్ర

1888 క్రిస్మస్ నాడు కాస్కో తౌతిరా విడిచి, 1889 జనవరి 24న హవాయిలోని హొనొలులు చేరింది. అక్కడ అద్దె లెక్క తీర్చి ఓడను పంపివేశారు. శవసంస్కారానికి కెప్టెన్ దాచిన సామగ్రి వాడవలసిన అవసరం రాలేదు. రోగి నీటిలో ఈదుతున్నారు, గుర్రమెక్కి తిరుగుతున్నారు.

ఆ మేలో ఆయన మొలొకాయి దీవిలోని కుష్ఠు రోగుల నివాసానికి ఒంటరిగా వెళ్లారు. రోగులకు జీవితాన్ని అర్పించి, తానూ ఆ రోగంతోనే మరణించిన ఫాదర్ డేమియన్ పోయి అప్పటికి నెలరోజులే అయింది. అక్కడి బాలికలతో ఆయన చేతొడుగులు లేకుండా ఆటలాడారు. తరువాత వారికి ఒక పియానో పంపారు. అటుపై ఈక్వేటర్ అనే వ్యాపారపు ఓడలో గిల్బర్ట్ దీవులు చూచి, 1889 డిసెంబరులో సమోవా దీవులలోని ఆపియా చేరారు. చల్లని ఊరికి వెళ్తే చాలు జబ్బు తిరగబెట్టేది. 1890లో సిడ్నీ నగరంలో మంచం పట్టినప్పుడు, ఇక స్వదేశం చూడలేనని ఆయన గ్రహించారు. సమోవాలో కొన్న మూడు వందల ఎకరాలకు పైబడిన అడవి భూమిలో వైలీమా అనే ఇల్లు కట్టించుకొన్నారు.

ఆయన ఆ దీవివారి భాష నేర్చుకొన్నారు. ఆయన వ్రాసిన 'ది బాటిల్ ఇంప్' కథ 1891లో సమోవా భాషలో అచ్చయింది. వారు ఆయనను తుసితాల, అంటే కథకుడు, అని పిలిచారు. ఆ కాలంలో జర్మనీ, బ్రిటన్, అమెరికా సమోవాపై పెత్తనం కోసం పోటీపడుతున్నాయి. ఆ అన్యాయాలను ఆయన పత్రికలలో ఖండించి, 1892లో ఒక చరిత్ర గ్రంథం వ్రాశారు. చెరసాలలో ఉన్న నాయకులకు ఆహారం పంపి ఆదుకొన్నారు. 1894లో విడుదలైన ఆ నాయకులు కూలి తీసికొనక, తమ చేతులతో ఆయన ఇంటికి బాట వేసి, ప్రేమగల హృదయాల బాట అని పేరు పెట్టారు.

బాట పూర్తయిన కొద్ది కాలానికే, 1894 డిసెంబరు 3న సాయంత్రం భార్యకు వంటలో సాయం చేస్తుండగా ఆయన తలపట్టుకొని కూలబడ్డారు. మెదడులో రక్తనాళం చిట్లింది. ఆ రాత్రే కన్నుమూశారు. జీవితమంతా భయపెట్టిన ఊపిరితిత్తులు ఆయనను చంపలేదు. వయస్సు 44. సమోవావారు కత్తులూ గొడ్డళ్లతో అడవి నరికి వాయా కొండ శిఖరానికి దారి తెరిచి, శవాన్ని భుజాలమీద మోసికొనిపోయి సమాధి చేశారు. పక్షులకు అలజడి కలుగకూడదని ఆ కొండమీద తుపాకి పేల్చడం నాయకులు నిషేధించారు. ఫానీ 1914లో అమెరికాలో మరణించగా, ఆమె చితాభస్మాన్ని మరుసటి ఏడాది ఆ సమాధిలోనే ఉంచారు.

కాస్కో ఓడ చేతులు మారి, చివరకు 1919లో బేరింగ్ సముద్రంలో కింగ్ దీవి వద్ద పగిలిపోయింది. దీవుల లేఖలు పత్రికలలో వచ్చినప్పుడు, రచయిత తన సాహసాలు తక్కువగా, దీవివారి గోడు ఎక్కువగా వ్రాశారని మెక్‌క్లూర్ మొదలైనవారు నిరాశపడ్డారు. కాని దక్షిణ సముద్రవాసుల ఆనాటి జీవితం తెలుసుకోదలచినవారు నేటికీ ఆ పుటలనే తెరుస్తున్నారు. రెండు వేల పౌనుల పందెంతో ఆయనకు ఆరేళ్ల ఆయువు దక్కింది. ఆ ఆరేళ్లలో తనకు అన్నం పెట్టినవారి భాష నేర్చి, వారి పక్షాన నిలిచి, ఆ ఋణం తీర్చుకొనే ప్రయత్నం చేశారు. పుట్టినగడ్డకు దూరమైనా, చేరిన గడ్డను ఆయన పరాయిదిగా ఎంచలేదు. ఆ గడ్డ కూడా ఆయనను పరాయివానిగా ఎంచలేదు.