కొలతతో మొదలైన పేరు - డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావు గారంటే మనకు మందులే గుర్తొస్తాయి. ఆయన పేరు సైన్సు పుస్తకాల్లోకి మొదట ఎక్కింది మాత్రం ఒక కొలత వల్ల. కెమిస్ట్రీ చదివే మన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఆ సంగతి చెప్పాలని ఈ వ్యాసం.

1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. తండ్రి పోయాక తల్లి వెంకమ్మ నగలు అమ్మి చదివించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చేతికి వచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, ఎల్.ఎం.ఎస్. మామగారి సాయంతో, దాతల విరాళాలతో అమెరికా వెళ్లి, రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తుతూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కే దగ్గర దొరికిన పని, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలవడం. ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి క్షయకరణం చేస్తే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. గాఢత ముందే తెలిసిన ద్రావణం రంగుతో పోల్చి లెక్క కట్టాలి. పాత పద్ధతుల్లో ఆ రంగు నిలకడగా ఉండేది కాదు. దానికి తగిన క్షయకరణిని వాడి రూపొందించిన ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది.

తర్వాత కండరం నుంచి తీసిన ద్రావణాన్ని పరీక్షిస్తే రంగు ఒక్కసారిగా రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ ముదిరింది. ఇంకొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారేమో! వీళ్లు ఎందుకని వెతికారు. ఆమ్లంలో మెల్లగా విడిపోయే భాస్వర పదార్థం ఒకటి బయటపడింది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్లకు ఏ.టి.పి.; అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు.

మాదాపూర్ అద్దాల మేడల్లో ఉద్యోగం రాలేదని దిగులుపడే కెమిస్ట్రీ వాళ్లు చాలామంది జీడిమెట్ల, పటాన్‌చెరు మందుల కంపెనీల్లో చేరతారు. అక్కడా ఉండేది ఇలాంటి కొలతే. రియాక్టర్ నుంచి వచ్చే ఆమ్ల వాయువును స్క్రబ్బర్‌లో కాస్టిక్ సోడా నీళ్లతో కడుగుతారు. వాయువును పీల్చేకొద్దీ కాస్టిక్ ఖర్చయిపోతుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు పడుతూనే ఉంటాయి, చూసేవాడికి తేడా తెలియదు. శాంపిల్ తీసి, ఫినాఫ్తలీన్ వేసి, గాఢత తెలిసిన ఆమ్లంతో టైట్రేషన్ చేస్తేనే ఎంత మిగిలిందో తెలుస్తుంది. కొలవకుండా రిజిస్టర్‌లో నిన్నటి అంకె రాసేస్తే, ఆ రాత్రి వాయువు పీల్చేది పక్క బస్తీవాళ్లు.

సుబ్బారావు గారు 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లారు. తన ఇద్దరు సోదరులను బలిగొన్న స్ప్రూ జబ్బుకు మందైన ఫోలిక్ ఆమ్లాన్ని అక్కడే ఆయన బృందం తయారుచేసింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఊరూరా మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా ఆ బృందం వెలికితెచ్చినదే.