శనగగింజ ఇంటిపేరున్న వకీలు

సెమినార్ రోజున స్టేజి ఎక్కగానే కాళ్ళు వణికే బ్యాచ్‌లో మీరూ ఉన్నారా? అయితే ఈ కథ మీ కోసమే. రెండువేల ఏళ్ళ క్రితం రోమ్‌లో అందర్నీ మించిన వక్త అనిపించుకున్న మనిషి కూడా, మాట్లాడటం మొదలుపెట్టే ప్రతిసారీ తనకు వణుకు పుడుతుందని ఒప్పుకున్నాడు. ఆయనే మార్కస్ టుల్లియస్ సిసిరో.

క్రీ.పూ. 106లో, రోమ్‌కి వంద కిలోమీటర్ల దూరంలోని అర్పినమ్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. డబ్బున్న కుటుంబమే గానీ, వంశంలో ఎవరూ సెనేట్ గడప తొక్కలేదు. సిసిరో అనే ఇంటిపేరు లాటిన్‌లో శనగగింజ అనే మాట నుంచి వచ్చింది. రాజకీయాల్లోకి దిగేముందు ఆ పేరు మార్చుకోమని స్నేహితులు చెప్పారట. ఆయన మార్చుకోలేదు, ఆ పేరునే గొప్ప చేసి చూపిస్తానన్నాడట.

అప్పటి రోమ్‌లో కోర్టంటే నాలుగు గోడల గది కాదు. ఊరి నడిబొడ్డున ఫోరమ్ అనే కూడలిలో, ఆరుబయటే విచారణ. ప్రభుత్వ ప్లీడరంటూ ఎవరూ లేరు, పౌరులే కేసు వేసి వాదించాలి. పదుల సంఖ్యలో జ్యూరీ, చుట్టూ జనం. చివర్లో మైనం పూసిన పలకల మీద రహస్యంగా తీర్పు. వకీలు ఫీజు తీసుకోకూడదని చట్టం ఉంది. గెలిస్తే దక్కేది పేరు, పలుకుబడి, రేపటి ఎన్నికల్లో ఓట్లు.

క్రీ.పూ. 80లో ఇరవయ్యారేళ్ళ సిసిరోకి మొదటి పెద్ద కేసు వచ్చింది. సెక్స్‌టస్ రోషియస్ అనే పల్లెటూరివాడు తండ్రిని చంపాడని నేరారోపణ. రుజువైతే తోలుసంచిలో కుట్టి నీళ్ళలో పడేస్తారు. అసలు కథ వేరే ఉంది. చనిపోయిన తండ్రికి అరవై లక్షల సెస్టెర్స్‌ల ఆస్తి. దాన్ని వేలంలో రెండువేలకే కొట్టేసినవాడు క్రిసోగొనస్, నియంత సుల్లా మనిషి. అతని పేరెత్తడానికే పెద్ద వకీళ్ళు భయపడ్డారు. సిసిరో ఎత్తాడు. ఈ చావుతో బాగుపడింది కొడుకా, ఆస్తి కొన్నవాడా అని జ్యూరీని ఆలోచింపజేశాడు. సుల్లాకి ఇవన్నీ చూసే తీరిక లేదంటూ ఆయన్ని మాత్రం జాగ్రత్తగా పక్కకి తప్పించాడు. రోషియస్ బతికిపోయాడు.

కానీ సిసిరో ఒళ్ళు పాడైంది. బక్కమనిషి, పైగా మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకటే అరుపు. మానేయమన్నారు. ఆయన మానలేదు గానీ, గ్రీసు, ఆసియా వెళ్ళి రెండేళ్ళు మళ్ళీ విద్యార్థి అయ్యాడు. రోడ్స్ దీవిలో మోలన్ అనే గురువు ఆయనకి నేర్పింది ముఖ్యంగా ఒక్కటే: తగ్గించడం.

ఆ పాఠం క్రీ.పూ. 70లో పనికొచ్చింది. సిసిలీని మూడేళ్ళు దోచుకున్న గవర్నరు వెర్రెస్ మీద కేసు. అవతలివైపు వకీలు హార్టెన్సియస్, అప్పట్లో నంబర్ వన్. ఎలాగోలా కేసు వచ్చే ఏడాదికి లాగితే చాలు, అప్పటికి అధికారంలో అంతా తమవాళ్ళే అని వాళ్ళ ప్లాన్. సిసిరో సాక్ష్యాలకు 110 రోజులు గడువు తీసుకుని, సిసిలీ అంతా తిరిగి 50 రోజుల్లోనే లెక్కపత్రాలతో, సాక్షులతో దిగాడు. రోజుల తరబడి సాగాల్సిన ఉపన్యాసం వదిలేసి, చిన్నగా మాట్లాడి సాక్షుల్ని నిలబెట్టాడు. తీర్పు రాకముందే వెర్రెస్ మసీలియాకి పారిపోయాడు. రోమ్‌లో నంబర్ వన్ మారిపోయాడు.

వక్తకి ఐదు పనులని ఆ కాలపు శాస్త్రం. పాయింట్లు వెతకడం, వరసలో పెట్టడం, మాటలు ఎంచుకోవడం, గుర్తుపెట్టుకోవడం, గొంతుతోనూ ఒంటితోనూ చెప్పడం. మన ప్రాజెక్టు రివ్యూకి కూడా ఇంతకంటే మంచి లిస్టు దొరకదు.

అలాగని సిసిరో మచ్చలేనివాడు కాదు. క్రీ.పూ. 63లో కాన్సుల్‌గా ఉన్నప్పుడు, కాటిలైన్ కుట్రలో దొరికిన ఐదుగురిని విచారణ లేకుండానే చంపించాడు. జీవితమంతా కోర్టుల్లో గడిపినవాడు వాళ్ళకి కోర్టే లేకుండా చేశాడు. ఆ తప్పే తర్వాత వెంటపడి, క్రీ.పూ. 58లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఇల్లు కూల్చేశారు. మరుసటి ఏడాది తిరిగొచ్చాడు.

క్రీ.పూ. 52లో స్నేహితుడు మిలో తరఫున వాదించాలి. ఫోరమ్ చుట్టూ పాంపే సైనికులు, పక్కన కేకలేసే గుంపు. సిసిరో తడబడ్డాడు, కేసు ఓడిపోయాడు. తర్వాత ఆ ప్రసంగాన్ని అద్భుతంగా రాసి పంపితే, ప్రవాసంలో ఉన్న మిలో నవ్వుకున్నాడట. అలా మాట్లాడి ఉంటే తనకి మసీలియా చేపలు తినే భాగ్యం దక్కేది కాదన్నాడట.

సీజర్ హత్య తర్వాత, క్రీ.పూ. 44లో ఆంటోనీ బలం పెరుగుతుంటే, సిసిరో అతని మీద వరుసగా పద్నాలుగు ప్రసంగాలు సిద్ధం చేశాడు. ఈసారీ ఎదురుగా ఉన్నది సైన్యమే. ఈసారి మాత్రం ఆగలేదు. క్రీ.పూ. 43 డిసెంబరు 7న ఆంటోనీ మనుషులు ఆయన్ని చంపారు. వయసు 63. తలనీ, ఆ ప్రసంగాలు రాసిన చేతినీ తెచ్చి ఫోరమ్‌లో వక్తలు నిలబడే వేదిక మీదే పెట్టారు.

మిలో కేసులో గొంతు పెగలనివాడు, ప్రాణం పోతుందని తెలిసే చోట గొంతెత్తాడు. వణుకు ఆయన్ని చివరిదాకా వదిలి ఉండదు. మన సెమినార్‌లో పోయేది మహా అయితే నాలుగు మార్కులు. ఈసారి స్టేజి ఎక్కినప్పుడు కాళ్ళు వణికితే వణకనివ్వండి, మాట మాత్రం మొదలుపెట్టండి.