ఆదిభట్ల నారాయణదాసు గారు

మా నానక్‌రామ్‌గూడ బాలురకు పాట వినవలెనన్నచో చేతిలోని ఫోనును తాకిన చాలును. ఇట్టి సదుపాయము లేని దినములలో, మైకు సహాయమైనను లేక, గంటలకొలది నిలువుకాళ్ళపై పాడి, ఆడి, ప్రసంగించి, ఊరూర తిరిగిన యొక మహావిద్వాంసుని చరిత్రమును మా విద్యార్థులకు వినిపింపదలచితిమి.

నారాయణదాసు గారు 1864 ఆగస్టు 31వ తేదీన బొబ్బిలి సమీపమందలి అజ్జాడ అగ్రహారమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులు, తల్లి నరసమ్మ. తొలి పేరు సూర్యనారాయణ. అయిదేండ్ల ప్రాయమున ఒక పుస్తకముల అంగడివద్ద భాగవత పద్యములను వల్లించగా, వర్తకుడు విస్మితుడై ఆ గ్రంథమును ఊరకనే యిచ్చెనని చెప్పుదురు. బొబ్బిలిలో వాసా సాంబయ్య గారి యొద్ద సంగీతము నేర్చి, పిదప విజయనగరమున ఇంగ్లీషు చదువునకు చేరిరి.

అచ్చట 1883 ప్రాంతమున కుప్పుస్వామి నాయుడు గారి హరికథ విని, తామును ధ్రువచరిత్రమను కథను కట్టి చెప్పిరి. తరువాత మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులైనను కొలువు వెదకికొనక కథలనే పట్టుకొనిరి. కుమారుడు సంగీతము నేర్తుననగానే బెంగపడు తలిదండ్రులను మేమెరుగుదుము. ఆ బెంగ నిష్కారణమని మేమనజాలము.

హరికథ యనగా ఒక్క మనుష్యుడే కవి, గాయకుడు, నటుడు, ఉపన్యాసకుడు కావలెను. కాలికి గజ్జెలు, చేత చిరతలు. సభలో పండితుడును పామరుడును ప్రక్కప్రక్కనే కూర్చుందురు. ఇద్దరిని మెప్పించుట మా వంటి ఉపాధ్యాయులకే కష్టము! దాసు గారు రెండు చేతులు, రెండు కాళ్ళు, శిరస్సులతో అయిదు వేర్వేరు తాళములను ఏకకాలమున చూపి పంచముఖి యని ప్రసిద్ధి గాంచిరి. రైట్ సోదరుల విమానము లేచిన 1903 నాటికి వారికి ముప్పదితొమ్మిదేండ్లు. వారి పర్యటనములన్నియు నేలమీదనే.

జనులు తాళవిద్యనే ఎక్కువగా చెప్పుకొందురు. మాకు వారి భాషాకృషి అంతకన్న గొప్పదిగా తోచుచున్నది. ఉమర్ ఖయ్యాము రుబాయీలను పారసీ మూలమునుండియు, ఫిట్జెరాల్డు ఆంగ్లమునుండియు సంస్కృతమునకును అచ్చతెలుగునకును మార్చి 1932లో ప్రకటించిరి. నవరసతరంగిణిలో షేక్‌స్పియరును, కాళిదాసును ఒకచోట చేర్చిరి. నా యెఱుక యను స్వీయచరిత్రలో తమ యౌవనపు తప్పులను దాచలేదు. అది పిల్లలకు నిరాటంకముగా ఇయ్యదగిన పుస్తకము కాకపోయినను, ఆ నిజాయితీ మాకు నచ్చినది.

1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరమున గానపాఠశాల స్థాపించి, దాసు గారిని ప్రధానాచార్యులుగా నియమించిరి. ఆ సంవత్సరమే ద్వారం వేంకటస్వామి నాయుడను యువకుడు అచ్చట విద్యార్థిగా చేరవచ్చెను. చూపు మందమగుటచే బడి చదువు మానవలసివచ్చి, వయొలిన్‌నే నమ్ముకొన్నవాడు. దాసు గారు అతని వాద్యము వినిరి. విని, ఇతనికి నేర్పుటకు తమ పాఠశాలలో ఏమియు లేదని గ్రహించి, శిష్యుడుగా గాక వయొలిన్ ఆచార్యుడుగా నియమించిరి! ప్రవేశము కోరి వచ్చిన బాలుని మేము మొదట వయస్సు, మార్కులు, ధ్రువపత్రములు అడుగుదుము. ఈ కథ తలచుకొన్నప్పుడెల్ల కొంత సిగ్గుపడుదుము.

1936లో దాసు గారు పదవి విడిచిరి. ఆ స్థానమునకు నాయుడు గారే వచ్చిరి. దాసు గారు 1945 జనవరి 2న కన్నుమూసిరి. నాటికి గానపాఠశాల నాయుడు గారి యాజమాన్యముననే నడుచుచుండెను.