హెన్రీ సల్లివాన్ థామస్

హెన్రీ సల్లివాన్ థామస్ 19వ శతాబ్దానికి చెందిన బ్రిటిషు అధికారి. భారతదేశంలో గాలపు వేటపై ప్రసిద్ధ గ్రంథాలు రచించాడు. మద్రాసు సివిల్ సర్వీసులో చేరి దక్షిణ కన్నడ జిల్లా కలెక్టరుగా పనిచేశాడు.

రచనలు

ఈయన గ్రంథం 'ది రాడ్ ఇన్ ఇండియా' 1873లో మంగుళూరులో వెలువడింది. మహసీర్ చేప నోటితో గాలపు ముళ్ళను సైతం నలిపివేయగలదని అందులో వివరించాడు. చేప ఆహారాన్ని, నోటి నిర్మాణాన్ని పరిశీలించిన పిదపనే ఎరను, పరికరాలను ఎంచుకోవాలన్నది ఈయన పద్ధతి. నీటిలో బరువుగా లాగే లోహపు చెంచా ఎరకు బిగువైన గాలపు కర్ర, తేలికైన ఈకల ఎరకు బాగా వంగే కర్ర అనువైనవి.

చెరువుల్లో గాలపు వేట గురించి 1887లో 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రచించాడు. కర్ర ఎంపికలోని ఈ సూత్రం రంగారెడ్డి జిల్లాలో కుతుబ్‌షాహీల కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు వంటి జలాశయాలకూ వర్తిస్తుంది. నాచులో దాగే కొరమేనును బయటికి లాగుటకు బిగువైన కర్ర అవసరం.

మత్స్య సంరక్షణ

నీటిలో విషం కలపడం, చేపపిల్లలను విచక్షణ లేకుండా పట్టడం వలన మత్స్యసంపద నశిస్తుందని థామస్ హెచ్చరించాడు. విషప్రయోగాన్ని, పేలుడు పదార్థాలతో వేటను నిషేధించే భారత మత్స్య చట్టం 1897లో వచ్చింది. మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1874లో ఒక చేపజాతికి థామస్ పేరు పెట్టాడు.