రెల్లుగడ్డిని చదివిన విదుషి – డాక్టర్ జానకి అమ్మాళ్

పెన్నానది ఇసుక తిన్నెలపై శరదృతువులో తెల్లని కుచ్చులతో ఊగే రెల్లుగడ్డి నెల్లూరు సీమవాసులకు చిరపరిచితమే. పాకల కప్పునకు తప్ప అక్కరకు రాని కసవుగా దానిని ఎంచుతాము. కాని ఆ కసవు చెరకునకు దాయాది. నేడు మనం వాడే పంచదారలో దాని పాలు కూడా కలదు. ఈ బాంధవ్యపు లోతులను సూక్ష్మదర్శినితో శోధించినవారిలో అగ్రగణ్యురాలు డాక్టర్ ఇ.కె. జానకి అమ్మాళ్.

నెల్లూరు వలెనే నాటి మద్రాసు రాజధానిలో భాగమైన మలబారు తీరాన, తలశ్శేరి పట్టణంలో ఆమె 1897 నవంబరు 4న జన్మించారు. తండ్రి కృష్ణన్ న్యాయాధికారి. ప్రకృతి పరిశీలనపై మక్కువ గలవారు. ఆడపిల్లకు అక్షరాలు వస్తే చాలునని లోకం తలచే ఆ రోజులలో జానకి మద్రాసులోని క్వీన్ మేరీస్, ప్రెసిడెన్సీ కళాశాలలలో వృక్షశాస్త్రం అభ్యసించారు. విమెన్స్ క్రిస్టియన్ కళాశాలలో బోధించారు. వివాహాన్ని కాదని విద్యనే వరించి, విద్యార్థివేతనంపై అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1931లో డాక్టరేటు పట్టాన్ని పొందారు. తిరువనంతపురంలో రెండేళ్ళు ఆచార్యపదవి నిర్వహించి, 1934లో కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చేరారు.

ఆనాడు చెరకు రైతును వేధించిన సమస్య ఒకటున్నది. లావుగా, రసవంతంగా పెరిగే చెరకు సుకుమారి. వానకరవుకు, చలికి, తెగుళ్ళకు తాళలేదు. రెల్లు సన్నన, చప్పన. కాని దానికి ఓర్పెక్కువ. ఈ రెంటిని సంకరపరచి, తీపినీ ఓర్పునూ ఒకే గడలో నిలుపవలెనని కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు బార్బర్, వెంకట్రామన్‌లు తలపెట్టారు. అట్లు 1918లో వెలువడిన కో 205 ఉత్తర భారతపు పొలాలకు క్రొత్త జీవం పోసింది.

సంకరం ఫలించింది; అది ఎట్లు ఫలించినదో తెలియవలసి ఉన్నది. ఓర్పు అనేది మొక్క కణాలలో జరిగే పని. కణంలోని క్రోమోజోములపై జన్యువులుంటాయి. ఏ మాంసకృత్తును ఎప్పుడు, ఎంత తయారు చేయవలెనో జన్యువులే నిర్దేశిస్తాయి. వేరు లోతుగా దిగుటకు, కణుపులు సాగుటకు, పూత వచ్చుటకు మాంసకృత్తులే పనివారు. నీరు కరవైనపుడు కొన్ని మాంసకృత్తులు కణంలోని తేమను కాపాడుతాయి. కొన్ని చొరబడిన ఉప్పును వెలుపలికి నెట్టుతాయి. మరికొన్ని ఎండవేడికి చెదిరిన తోటి మాంసకృత్తులను తిరిగి తీర్చిదిద్దుతాయి.

జన్యువు ఏ పదార్థంతో ఏర్పడినదో నిర్ధారణగాని ఆ కాలంలో కంటికి కనిపించే ఆధారం క్రోమోజోములే. సాగుచెరకులో అవి 80. రెల్లులో తావును బట్టి 40 మొదలు 128 వరకు. జానకి అమ్మాళ్ వీటిని ఓర్పుతో లెక్కించారు. చెరకును జొన్నతో, దర్భజాతి గడ్డితో, చివరకు మొక్కజొన్నతో సైతం సంకరపరచి, ఏ మేరకు చుట్టరికం కలుస్తుందో పరీక్షించారు. ఒంటరి స్త్రీ, అందునా అగ్రవర్ణేతర కుటుంబం నుండి వచ్చినవారు కావడం చేత అక్కడ ఆమెకు తగిన మన్నన దక్కలేదు. అయినను పనిని నిర్లక్ష్యం చేయలేదు.

1939లో జన్యుశాస్త్ర మహాసభకై బ్రిటన్ వెళ్ళిన ఆమెను ప్రపంచయుద్ధం అక్కడనే నిలిపివేసింది. లండన్‌లో బాంబులు కురుస్తున్న రోజులలోనూ జాన్ ఇన్నెస్ సంస్థలో పరిశోధన సాగించారు. డార్లింగ్‌టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల సంఖ్యలను సమకూర్చిన బృహద్గ్రంథాన్ని 1945లో వెలువరించారు. తరువాత విస్లీ ఉద్యానంలో కాల్చిసిన్ అనే రసాయనంతో క్రోమోజోములను ద్విగుణీకరించే ప్రయోగాలు చేశారు. ఒక మాగ్నోలియా రకం నేటికీ ఆమె పేరనే వికసిస్తున్నది.

1951లో ప్రధాని నెహ్రూ ఆహ్వానంపై స్వదేశానికి వచ్చి, భారత వృక్ష పరిశోధన సంస్థ పునర్నిర్మాణానికి కృషి చేశారు. 1977లో పద్మశ్రీ లభించింది. సంకరాలు సృష్టించిన ఆ చేతులు చివరిదశలో అడవిమొక్కల రక్షణకు పూనుకొన్నాయి. కేరళలోని సైలెంట్ వ్యాలీని ముంచివేయనున్న జలవిద్యుత్ పథకాన్ని ఎనభయ్యేళ్ళ వయస్సులో ఆమె ప్రతిఘటించారు. పథకం 1983లో విరమింపబడింది. 1984 ఫిబ్రవరి 7న ఆమె కన్నుమూశారు. ఆ యేడే ఆ లోయ జాతీయ ఉద్యానవనమైనది.

నాటి కొత్తచెరకుకూ నేటి అడవికీ గల సంబంధమేమని అడుగవచ్చును. పనికిరాదనుకొన్న అడవి దాయాదిలోనే సాగుపంటకు కావలసిన ఓర్పు దాగి ఉన్నది. అది నశిస్తే, ఏ ప్రయోగశాలయూ దానిని తిరిగి కల్పించలేదు. 2018లో శాస్త్రజ్ఞులు రెల్లు జన్యుసంపుటిని సమగ్రంగా చదువగలిగారంటే, చదువుటకు ఆ గడ్డి ఇంకా మిగిలి ఉండుటయే మొదటి కారణం.

మైపాడు, కృష్ణపట్నం తీరభూములలోనికి ఉప్పు చొరబడుతూ వరికి ముప్పు తెస్తున్నది. కండలేరు ఉప్పుటేరు ఒడ్డున మడచెట్లు, పెన్న గర్భంలో రెల్లుపొదలు ఎవరి పోషణ లేకయే నిలిచి ఉన్నాయి. విద్యార్థినీ విద్యార్థులారా! వాటిని కసవుగా చూడక, ఇంకను చదువవలసిన గ్రంథాలుగా చూడండి. జానకి అమ్మాళ్ స్మృతికి మనం అర్పింపగల నివాళి అదియే.