కలియుగ భీముడి ఊపిరి

మన బడి పిల్లల్లో కొందరు వారాంతంలో ఒక పూట తెలుగు అక్షరాలు దిద్ది, మరో పూట తైక్వాండోకో జూడోకో పరుగెడతారు. అక్కడి మాస్టారు బలమంతా పెట్టమంటారు, మనసు మాత్రం అదుపులో ఉంచుకోమంటారు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని పిల్లలు అడిగినప్పుడల్లా మాకు కోడి రామమూర్తి నాయుడు గారు గుర్తుకొస్తారు.

ఇక్కడి కుహూలిన్ కథ మీరు వినే ఉంటారు. ఆవేశం పూనితే ఆ ఐరిష్ వీరుడికి తనవాళ్ళెవరో పగవాళ్ళెవరో తెలిసేది కాదట. చల్లార్చడానికి మూడు చన్నీళ్ళ తొట్లలో ముంచారట. మొదటి తొట్టి పగిలిపోయింది, రెండోదాంట్లో నీళ్ళు సలసల మరిగాయి, మూడోదానికి గాని వేడి దిగలేదు. మన రామమూర్తి గారి దారి దీనికి తలకిందులు. ఆయన ముందు చల్లబడి, ఆ తర్వాతే బలం బయటికి తీసేవారు.

శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో 1880ల మొదట్లో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోతే విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. చదువు మీద కంటే కుస్తీ మీదే మనసు ఎక్కువ. అయినా మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం వచ్చి బడిలో డ్రిల్లు మాస్టారయ్యారు. తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు.

ఒంటికి ఇనుప గొలుసు బిగించి కట్టేవారు. ఆయన కదిలేవారు కాదు, అరిచేవారు కాదు. ప్రాణాయామంతో ఊపిరి నిండా తీసి, నిలిపి, మనసంతా ఒక్కచోట పెట్టేవారు. అప్పుడు ఛాతీ ఉబ్బించేసరికి గొలుసు ఫట్టుమనేది. ఏనుగును రొమ్ము మీద నిలుపుకున్నదీ ఊపిరి బిగింపుతోనే. ఈనాటి బరువులెత్తే ఆటగాళ్ళు కూడా ఊపిరి బిగబట్టే నడుం గట్టిపరచుకుంటారు. (పిల్లలూ, గొలుసుల జోలికి మాత్రం పోకండి! ఆయన ఏళ్ళ తరబడి సాధన చేశారు.) అంతటి దేహం పెంచింది శాకాహారంతోనే అంటే మా ఇళ్ళలో పిల్లలు నమ్మరు.

కలియుగ భీముడనీ, ఇండియన్ హెర్క్యులెస్ అనీ బిరుదులు వచ్చాయి. సంపాదన దండిగా వచ్చింది, దానాలకు దండిగానే పోయింది. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి, కాలు తీసేయవలసి వచ్చింది. మత్తుమందు వద్దని, ప్రాణాయామంలో ఉండి ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారని చెబుతారు. గొలుసులు తెంచడం కంటే అదే పెద్ద ప్రదర్శనని మాకు అనిపిస్తుంది. అక్కడ చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

1942 జనవరిలో, ఇప్పటి ఒడిశాలోని బలంగీర్‌లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. సెలవులకు అటువైపు వెళ్ళే కుటుంబాలు పిల్లలకు తప్పక చూపించండి.