బ్రౌను దొర – కరువను మాట

పొడవైన కొయ్య యొకటి చేతికిచ్చి దానిని గూర్చి యింగ్లీషులో వ్రాయుమన్నచో మన విద్యార్థి మొదట లాంగ్ అని సరిగానే వ్రాయును. దాని పొడవును చెప్పవలసి వచ్చినపుడు లెంగ్త్ అనుటకు బదులు లాంగ్‌నెస్ అనును. మఱియొక కొయ్యతో పోల్చవలసినపుడు లాంగర్ అని యూరకుండక మోర్ లాంగర్ అనును. మేమును బాల్యమున నిట్లే వ్రాసి దిద్దించుకొంటిమి. ఇందు బుద్ధిమాంద్యమేమియు లేదు. తెలుగున పోలిక యంతయు కంటె యను చిన్న మాటపై నిలుచును. రామునికంటె సోముడు పొడుగు అనునపుడు పొడుగు అను మాట యించుకయు కదలదు. కుందుర్పికి పొరుగుననున్న కన్నడమునందును ఇదే రీతి. సంస్కృతమునందు తర, తమ ప్రత్యయములు కలవు. తారతమ్యమను మాట యందుండియే పుట్టినది. ఇంగ్లీషువారి గుడ్, బెటర్, బెస్ట్ అను మూడింటిని ఏ సూత్రమునకు కట్టుదుము? వల్లించుటయే గతి.

ఇదే చిక్కు సముద్రము దాటి వచ్చినవారికి తలక్రిందుగా నెదురయ్యెను. తెల్ల, తెలుపు, నల్ల, నలుపు, తియ్య, తీపి, చల్ల, చలువ – వీనిని మనకు తల్లి నేర్పినది. పరదేశికి నేర్పువారెవరు? అట్టివారికొఱకు వ్యాకరణమును, ఆ వెనుక మనకును వారికిని గూడ పనికివచ్చు నిఘంటువులను కూర్చిన చార్లెసు ఫిలిప్ బ్రౌను చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా చెప్పెదము.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను మతాచార్యుడు, బహుభాషాభిజ్ఞుడు. కుమారునికి హీబ్రూ మొదలగు భాషలు బాల్యముననే నేర్పెను. 1812లో తండ్రి గతింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. బ్రౌను హెయిలీబరీ కళాశాలలో చదివి 1817లో మదరాసునకు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులుగారియొద్ద తెలుగు ఓనమాలు దిద్దెను. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడుగా నియుక్తుడయ్యెను.

అప్పటికి మన సీమ కంపెనీవారి చేత చిక్కి ఇరువది యేండ్లైనది. 1800లో నిజాము విడిచిన దత్తమండలములలో కుందుర్పి యొక భాగము. 1882లో అనంతపురము జిల్లా యేర్పడువఱకు ఇది బళ్లారి జిల్లాలో నుండెను. ఆ బళ్లారికి 1823లో కలెక్టరుగానున్న క్యాంబెల్ దొరయు తెలుగు వైయాకరణుడే. అతని వ్యాకరణము 1816లోనే అచ్చుపడినది. 1823లో నాతడు లెక్క తీయగా జిల్లాలో 533 బడులు తేలినవి. అందు కన్నడము చెప్పునవి 235, తెలుగు చెప్పునవి 226, ఇంగ్లీషు చెప్పునది ఒక్కటి. ఆ యొక్కటి నేడెన్నిగా పెరిగినదో చదువరులకు చెప్పనేల?

బ్రౌను కడపలోను, ఆ పిదప మచిలీపట్టణములోను సొంత ధనముతో ఉచిత పాఠశాలలు నిలిపెను. వేమన పద్యముల వ్రాతప్రతులను వెదకించి, పరిష్కరించి, 1829లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను జీతములిచ్చి యుంచి, తాటాకులలో చివికిపోవుచున్న కావ్యములకు శుద్ధప్రతులు వ్రాయించెను. జీతము చాలక అప్పులపాలయ్యెను. పెండ్లి చేసికొనలేదు.

ఆతని వ్యాకరణము 1840లో వెలువడెను. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చెను, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు దానికి తోడయ్యెను. నిఘంటుకారుని కష్టమెట్టిదో యొక్కమాట చెప్పెదము. లాంగ్, లెంగ్త్ అనునవి అకారాదిక్రమమున వేర్వేఱు పుటలలో పడును. రెంటికిని తెలుగున పొడుగు, పొడవు అను మాటలే వచ్చి నిలుచును. డీప్, డెప్త్ అను వానికి లోతు ఒక్కటియే. ఏది విశేషణమో యేది భావనామమో వాక్యమును చూచి తేల్చవలసినదే కాని మాట రూపమును చూచి కాదు. అందుకే బ్రౌను కావ్యములతో తృప్తి చెందక కచేరీలోను, సంతలోను, ఇండ్లలోను జనులాడు మాటలనుగూడ నిఘంటువున చేర్చెను. పండితులకిది రుచింపకపోయి యుండవచ్చును. మాకు మాత్రము ఆతని గ్రంథములో నదియే మేలిమి భాగము.

మాటలను తూచుట పుస్తకములతో ముగియలేదు. 1832–33 సంవత్సరములలో గుంటూరు సీమలో ఘోరమైన క్షామము వచ్చెను. నందననామ సంవత్సరపు కరువనియు, డొక్కల కరువనియు జనులు దానిని పిలిచిరి. లక్షకు పైబడి మరణించిరి. బ్రౌను బీదలకు తోడ్పడుటయే కాక, తన వ్రాతలలో దానిని ఫామిన్, అనగా కరువు అనియే పేర్కొనెను. పై యధికారులకు ఆ మాట గిట్టలేదు. ఆక్షేపించిరి. ఆతడు మార్చలేదు.

ఒక్క మాటకై యింత పట్టుదల యేల యని బాలురడుగవచ్చును. ఇంగ్లీషులో స్కేర్స్ అను విశేషణము కలదు. దానినుండి స్కేర్సిటీ, అనగా కొఱత, అను భావనామము పుట్టును. ఉప్పు కొఱతయు కొఱతయే. ఊరికి ఊరే వలసపోయినను కొఱత యనియే వ్రాయవచ్చును. వ్యాకరణమునకు రెండును నామవాచకములే. కచేరీలో మాత్రము అట్లు కాదు. 1880 తరువాత ప్రభుత్వమువారు చేసిన కరువు నిబంధనలలో కొఱతకు సమీపస్థితి, కొఱత, కరువు అని మూడు మెట్లేర్పడినవి. మన తరగతి పుస్తకములోని గుడ్, బెటర్, బెస్ట్ వరుసవలెనే యున్నది కదా! ఏ మెట్టున నిలిపిరో దానినిబట్టి గంజికేంద్రములు, కూలిపనులు, పన్ను మాఫీ నిర్ణయమగుచుండెను. మేఘమునకై కన్నులు కాచు ఈ మెట్టసీమలో, ధాతునామ సంవత్సరమున 1876–78 నాటి కరువుచే నలిగిన ఈ నేలపై, పేరు పెట్టుటయందలి భేదమును వివరించి చెప్పవలసిన పనిలేదు. కొలత కఱ్ఱ పట్టుకొని వచ్చిన యుద్యోగి కాగితముపై నేమి వ్రాసికొని పోయెనో యని రైతులు గుమిగూడి యడుగుట మేమును చూచితిమి.

తరువాత బ్రౌను స్వదేశమునకేగి, లండనులో కంపెనీ గ్రంథాలయమున పడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు మదరాసు చేరునట్లు చేసెను. మరలివచ్చి పారశీక, తెలుగు భాషలకు ప్రభుత్వ అనువాదకుడుగాను, తపాలాశాఖాధిపతిగాను పనిచేసెను. 1855లో ఉద్యోగము విరమించి లండను చేరినను తెలుగును విడువలేదు. వ్యాకరణమును దిద్ది 1857లో రెండవ కూర్పు తెచ్చెను. 1865లో లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12వ తేదీన ఆ నగరముననే కన్నుమూసెను.

కడపలో ఆతని బంగళా యుండిన చోట నిప్పుడు ఆతని పేర గ్రంథాలయము కలదు. మన విద్యార్థులు ఆ పట్టణమునకు పోవుట తటస్థించినచో ఒక పూట అచ్చట గడిపి, ఆతని నిఘంటువును చేతబట్టి, కరువు అను మాటకు ఆతడేమి యర్థము వ్రాసెనో తామే చూచి రావలెనని కోరుచున్నాము.